దిగులు వేరు, కుంగుబాటు వేరు

మన తెలుగులో మనసు బాధను చెప్పే మాటలకు కొదవ లేదు. దిగులు, బెంగ, చింత, విచారం, వ్యాకులం, మనోవేదన - ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఛాయ ఉన్నది. కూతురు అత్తవారింటికి వెళితే తల్లికి బెంగ. అప్పు తీరకపోతే చింత. అయినవారు పోతే దుఃఖం. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి తాత ముత్తాతలు వెంట తెచ్చుకున్న యాసలో మన పెద్దలు మరొక మాట కూడా అంటూ ఉంటారు: "ఏటీ తోచట్లేదు." పాఠకులు ఈ చివరి మాటను గట్టిగా జ్ఞాపకం పెట్టుకోవాలి. వైద్యశాస్త్రం 'డిప్రెషన్' అని పిలిచే జబ్బుకు రెండు ముఖ్య లక్షణాలున్నవి. ఒకటి, తరగని విచారం. రెండవది, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా మనసు పోకపోవడం. ఈ రెండవ దానికి ఇంగ్లీషు పుస్తకాలలో కొరుకుడుపడని పేర్లున్నవి గాని, మన అవ్వలు ఏనాడో రెండు మాటల్లో చెప్పివేశారు.

ఈ వ్యాసంలో డిప్రెషన్‌ను 'కుంగుబాటు' అని వ్యవహరిస్తాను. మలయ్ భాషలో దీనిని 'కెమురుంగాన్' అంటారు. 'మనోవ్యాధి' అనే మంచి మాట ఉన్నా, అది వినగానే మనవారికి తంజోంగ్ రంబుతాన్ గుర్తుకు వస్తుంది. ఈపో దగ్గర 1911లో తెరిచిన ఆ పెద్ద ఆసుపత్రి పేరు నేడు హాస్పితాల్ బహాగియా ఉలు కింతా. బహాగియా అంటే ఆనందం. పేరు ఎంత చక్కగా మార్చినా, "నిన్ను తంజోంగ్ రంబుతాన్ పంపించాలి" అనే ఎకసెక్కం మాత్రం జనం నోళ్ళలో నుండి పోలేదు. ఆ ఒక్క ఎకసెక్కానికి జడిసి డాక్టరు గుమ్మం తొక్కనివారు ఎందరో ఉంటారు. కుంగుబాటు పిచ్చి కాదు. అత్యధికులకు ఆసుపత్రిలో పడక కూడా అక్కర లేదు. మన పేటలోని క్లినిక్ కెసిహాతాన్‌లోనే చికిత్స మొదలుపెట్టవచ్చును.

దిగులుకూ దీనికీ తేడా ఏమిటి? భర్త పోయిన ఇల్లాలు ఏడుస్తుంది, అన్నం సహించదు, నిద్ర పట్టదు. అది జబ్బు కాదు, మనిషి స్వభావం. ఆ దుఃఖం కెరటాలుగా వచ్చిపోతుంది. మధ్యలో మనవడు ఏదో అల్లరి చేస్తే నవ్వు వస్తుంది, నలుగురు వచ్చి పలకరిస్తే కొంత ఊరట కలుగుతుంది. కుంగుబాటులో ఆ ఊరట ఉండదు. ముసురు పట్టిన ఆకాశంలాగా పొద్దుటి నుండి రాత్రి వరకు ఒకటే తీరు. మరొక తేడా కూడా ఉన్నది. దుఃఖంలో ఉన్నవారు "ఆయన లేడు" అని ఏడుస్తారు. కుంగినవారు "నేను ఎందుకూ పనికిరాను, అంతా నా మూలానే" అని తమను తాము నిందించుకుంటారు. అయితే ఒకటి చివరికి రెండవదిగా మారడమూ కద్దు. కనుక "పాపం, కష్టం వచ్చింది, దిగులుపడక ఏం చేస్తుంది?" అని నెలల తరబడి ఊరుకోవడం మంచిది కాదు. కాలు విరగడానికి కారణం తెలిసినంత మాత్రాన కట్టు కట్టించడం మానుకోము కదా!

మలేషియా ఆరోగ్య శాఖ జరిపే జాతీయ సర్వేలో 2019లో పెద్దవారిలో నూటికి 2.3 మందిలో కుంగుబాటు కనిపించింది. 2023లో 16 ఏళ్ళు, ఆపైన వయసున్నవారిలో అది నూటికి 4.6 అయినది. అంటే సుమారు పది లక్షల మంది. నడుమ కోవిడ్ కాలం గడిచిన సంగతి మనకు తెలిసినదే.

ఒళ్ళు మాట్లాడే భాష

కుంగుబాటుతో డాక్టరు దగ్గరకు వచ్చేవారిలో చాలామంది "నాకు మనసు బాగులేదు" అని చెప్పరు. తల బరువు, నడుము నొప్పి, ఒళ్ళంతా లాగడం, గుండె దడ, కడుపులో మంట, నీరసం - వీటితోనే వస్తారు. ఇది నటన కాదు. నొప్పిని, నిద్రను, ఆకలిని, మనసును నడిపించే నాడులు మెదడులో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. మనసు కుంగినప్పుడు ఒళ్ళు నిజంగానే నొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఈమె ఫలానా ఆమె అని కాదు గాని, మనలో చాలామందికి ఇటువంటి పెద్దమ్మ ఒకరు తెలిసే ఉంటారు. బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటలో పుట్టి, అక్కడే పెళ్ళాడి, అక్కడే పిల్లలను కన్నది. ఇప్పుడు క్లాంగ్ దగ్గర కొడుకు ఫ్లాటులో, లిఫ్టు ఎక్కి దిగే పదవ అంతస్తులో ఉంటున్నది. కొడుకూ కోడలూ పనికి పోతే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేదు. శనివారం రామభజనకు వెళ్ళడం మానుకున్నది. అడిగితే మోకాళ్ళ నొప్పి అంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది, మళ్ళీ కన్ను మూతపడదు. ఒకనాడు "గుండెల్లో బరువుగా ఉంది" అన్నది. మనవడు క్లినిక్‌కు తీసుకువెళ్ళి మలయ్‌లో "సాకిత్ జాంతుంగ్" అని చెప్పాడు. దాని అర్థం గుండె జబ్బు. డాక్టరు ఇసిజి తీయించారు, అది సవ్యంగా ఉన్నది. పనడాల్ మాత్రలు ఇచ్చి పంపించారు. ఇక్కడ తప్పు డాక్టరుదీ కాదు, మనవడిదీ కాదు. 'గుండెల్లో బరువు' అంటే తెలుగులో దుఃఖం అని కూడా అర్థం ఉన్నది. ఆ అర్థం మలయ్‌లోకి దాటలేదు. పోనీ "సాకిత్ హాతి" అందామా అంటే, అది మనసు నొచ్చుకోవడం, కోపం రావడం వంటిది. అదీ సరిపోదు.

అందుచేత పెద్దవారికి తోడు వెళ్ళే పిల్లలు కొన్ని మాటలు తెలుసుకొని ఉండడం మంచిది. 'ఏమీ తోచడం లేదు' అంటే 'హిలాంగ్ మినాత్' అని చెప్పాలి. ఆసక్తి పోయింది అని దాని అర్థం. విచారానికి 'సెడిహ్', అలసటకు 'లెతిహ్', నిద్ర పట్టదు అనడానికి 'తీడాక్ బోలెహ్ తీదుర్', ఆకలి పోయింది అనడానికి 'హిలాంగ్ సెలెరా', ఆశ వదులుకున్నాను అనడానికి 'పుతుస్ ఆసా'. వీటితో పాటు ఎన్నాళ్ళుగా అనేది తప్పక చెప్పాలి. రెండు వారాలు దాటితే 'లెబిహ్ దువా మింగ్గు'. ఈ నాలుగైదు మాటలు చెవిన పడితే డాక్టరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

డాక్టరు ఎలా తేలుస్తారు?

కుంగుబాటును పట్టి ఇచ్చే రక్త పరీక్ష గాని, ఎక్స్‌రే గాని ఇంతవరకు లేదు. మాటల ద్వారానే తేల్చాలి. అట్లాగని ఇది ఊహాగానం కాదు, దానికి లెక్క ఉన్నది. విచారం, ఆసక్తి పోవడం - ఈ రెండింటిలో ఒకటైనా ఉండాలి. వాటితో పాటు ఆకలి లేదా బరువులో మార్పు, నిద్ర చెడడం (కొందరిలో అతినిద్ర), కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, నీరసం, తాను పనికిరానివాడిననే భావం, మనసు ఒక దానిపై నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు. ఈ తొమ్మిదింటిలో అయిదైనా, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండి, ఇంటి పనికో ఉద్యోగానికో అడ్డు వస్తున్నట్లయితే అది కుంగుబాటు. ఇదే లెక్క మీద తయారైన తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దాని పేరు పిహెచ్‌క్యు-9. ఒక్కొక్క ప్రశ్నకు సున్నా నుండి మూడు వరకు, మొత్తం 27 మార్కులు. పది దాటితే శ్రద్ధగా చూడవలసినదే. అయితే మార్కులు జబ్బును నిర్ణయించవు, మనిషిని చూసి డాక్టరే నిర్ణయిస్తారు.

రక్తం మాత్రం వేరొక కారణంతో తీస్తారు. థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తం తక్కువైనా, విటమిన్ బి12 లోపించినా అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. మనవారిలో చక్కెర వ్యాధి ఎక్కువ. చక్కెర ఉన్నవారిలో కుంగుబాటు కూడా ఎక్కువే. ఒకటి రెండవదానిని పెంచుతుంది. మనసు కుంగినవాడు మాత్రలు వేసుకోడు, పథ్యం చేయడు.

డాక్టరు అడిగే మరి రెండు ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. ఒకటి తాగుడు గురించి. రెండవది, ఎప్పుడైనా దీనికి పూర్తిగా విరుద్ధంగా - నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుతో, గలగలా మాట్లాడుతూ, చేతిలో డబ్బంతా ఖర్చు పెట్టేస్తూ - కొన్ని రోజులు గడిపిన సందర్భం ఉన్నదా అని. ఉన్నట్లయితే అది బైపోలార్ అనే వేరొక జబ్బు. దానికి మందు వేరు. కుంగుబాటు మందును ఒక్కదానినే ఇస్తే అది ఆ హుషారును రెచ్చగొట్టవచ్చు.

ఎందుకు వస్తుంది?

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే కుంగుబాటు అని చాలాకాలం తేలికగా చెబుతూ వచ్చారు. అది అంత తేలిక కాదని ఇప్పుడు తెలిసింది. 2022లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ఆ సిద్ధాంతానికి నిలకడైన ఆధారం కనబడలేదని చెప్పింది. దానిని పట్టుకొని కొందరు "అయితే మందులన్నీ మోసమే" అని ప్రచారం చేస్తున్నారు. అది తొందరపాటు. మందు ఎట్లా పని చేస్తున్నదో పూర్తిగా తెలియకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు.

వంశపారంపర్యం కొంత ఉన్నది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది, వచ్చి తీరాలని మాత్రం లేదు. ఆడవారిలో మగవారి కంటే దాదాపు రెట్టింపు. కాన్పు తరువాత వచ్చేది మరీ గమనించవలసినది. బాలింత ఏడుస్తుంటే "దిష్టి తగిలింది" అని సరిపెట్టుకోరాదు. మొదటి వారంలో కాస్త కంట తడి మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, అది జబ్బు.

ఇక జీవితం తెచ్చిపెట్టే కారణాలు. ఇక్కడ మన చరిత్రను కొంచెం చూడాలి. కంగాణీ వెంట ఓడ ఎక్కి వచ్చిన మనవారికి తోటే ఊరు, తోటే లోకం. కూలి తక్కువ, దొరల పెత్తనం ఎక్కువ, అందులో సందేహం లేదు. ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. కాని లైను ఇళ్ళలో గోడకు గోడ ఆనుకొని ఉండేది. ఒకరింట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటికి తెలిసేది. ఒంట్లో బాగులేకపోతే తోట డిస్పెన్సరీలో డ్రెస్సరు ఉండేవాడు. 1980, 1990 దశకాలలో తోటలు ఒక్కొక్కటి చేతులు మారి పట్టణాలు అయినవి. ఇప్పుడు పుత్రజయ నగరం ఉన్న నేల ఒకప్పటి పెరాంగ్ బెసార్ రబ్బరు తోట. తోటలో ఇల్లు ఉద్యోగంతో ముడిపడినది, ఉద్యోగం పోగానే ఇల్లూ పోయింది. దానితో గుడి, భజన, పెరటి కోళ్ళు, మునగచెట్టు, మాట్లాడే తెలుగు కూడా చాలామందికి దూరమైనవి. ఉద్యోగం పోవడం, ఇల్లు మారడం, ఒంటరితనం, గౌరవం తగ్గడం - కుంగుబాటుకు దారితీస్తాయని వైద్యులు చెప్పే కష్టాలన్నీ ఒకేసారి మీద పడిన తరం అది. వారిలో కొందరే కుంగిపోయారంటే మనవారి గుండె దిటవే ఆశ్చర్యం.

మగవారి సంగతి వేరుగా చెప్పాలి. మగవాడు ఏడవకూడదని మనం పెంచుతాము. కనుక అతనిలో కుంగుబాటు కన్నీరుగా కాక కోపంగా, మౌనంగా, సీసాగా బయటపడుతుంది. తోటల్లో కల్లు కొట్టు ఆ పని చేసింది, ఇప్పుడు చవక సారా చేస్తున్నది. తాగితే కాసేపు బరువు దిగినట్లు ఉంటుంది. కాని మద్యం స్వయంగా మెదడును కుంగదీసే పదార్థం. నిద్రను చెడగొడుతుంది, మర్నాడు బరువు రెట్టింపు అవుతుంది. "తాగుబోతు" అని ముద్ర వేసిన వారిలో జబ్బు మనుషులు ఎందరున్నారో ఎవరూ లెక్క తీయలేదు.

చికిత్స సంగతి

కుంగుబాటుకు మందు దొరకడం కాకతాళీయంగా జరిగింది. 1950 దశకం తొలినాళ్ళలో అమెరికాలో క్షయ రోగులకు ఇచ్చిన ఇప్రోనయాజిడ్ అనే మందు వారి ఊపిరితిత్తుల సంగతి అటుంచి మనసులను తేలికపరచింది. 1957లో రోలాండ్ కూన్ అనే స్విట్జర్లాండు వైద్యుడు ఇమిప్రమీన్ అనే మందు గుణాన్ని ప్రకటించారు. తరువాత వచ్చిన ఫ్లువాక్సెటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందింది. దాని జాతికి చెందినవే ఇప్పుడు ఎక్కువగా రాస్తున్నారు.

ఈ మందుల విషయంలో మనవారు చేసే పొరపాట్లు ముఖ్యంగా రెండు. మొదటిది, వారం రోజులు వేసుకొని "గుణం లేదు" అని మానేయడం. ఇవి తలనొప్పి మాత్రలు కావు. పని చేయడానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. అంటే చేదు ముందు, తీపి తరువాత. రెండవ పొరపాటు, నయమనిపించిన మర్నాడే ఆపివేయడం. నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా మానితే కళ్ళు తిరగడం, చిరాకు, నిద్రలేమి కలుగుతాయి. ఇది చూసి "అలవాటు పడిపోయాను" అని భయపడతారు గాని, మద్యం మీద, నల్లమందు మీద కలిగే యావ వంటిది ఇది కాదు. పాతికేళ్ళ లోపు వయసు వారిని మాత్రం మొదటి వారాలలో ఇంట్లోవారు దగ్గరగా కనిపెట్టి ఉండాలి. ఆ వయసులో కొందరికి మొదట్లో ఆత్మహత్య తలపులు పెరగవచ్చునని హెచ్చరిక ఉన్నది.

తేలిక, మధ్య రకం కుంగుబాటుకు మాటల ద్వారా చేసే చికిత్స మందుతో సమానంగా పని చేస్తుంది. తీవ్రమైనదానికి రెండూ కలిపితే మేలు. ఈ మాటల చికిత్స అంటే ఊరడింపు కాదు, నీతిబోధ అంతకన్నా కాదు. "ఆమె నన్ను పలకరించలేదు, కాబట్టి నేనెవరికీ అక్కరలేదు" వంటి ఆలోచనను పట్టుకొని, అది నిజమేనా అని రోగి చేతనే పరీక్ష చేయిస్తారు. మరొక పద్ధతి ఇంకా సరళమైనది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పనిని ముందు చేయిస్తారు. ఈ రోజు కిందికి దిగి పది నిమిషాలు నడవడం, రేపు చెల్లెలికి ఫోను చేయడం, శనివారం భజనలో అరగంట కూర్చోవడం. పని వెనుక మనసు వస్తుంది. గోవాలో జరిగిన ఒక పరిశోధనలో, డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి ఈ పద్ధతిని తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారి మీద ప్రయోగించారు. ఆరు నుండి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడడమే. చెప్పుకోదగిన గుణం కనిపించింది. 2017లో లాన్సెట్ పత్రికలో అది ప్రచురితమైంది. మన సంఘాల శాఖలలో, భజన మండళ్ళలో మాట నేర్పు, ఓపిక గల ఆడవారు ఎందరో ఉన్నారు. అటువంటి శిక్షణ వారికి ఇప్పిస్తే, ఏటా పండుగ సభలకు మనం చేసే ఖర్చులో చిన్న భాగంతోనే అది జరిగిపోతుందని నా అభిప్రాయం.

కరెంటు చికిత్స అంటే సినిమాలు చూసి జడుసుకునేవారు ఉన్నారు. 1938లో ఇటలీలో మొదలైన ఆ పద్ధతిని నేడు మత్తు ఇచ్చి, కండరాలు బిగుసుకోకుండా మందు ఇచ్చి చేస్తారు. అన్నం నీళ్ళు మానేసి మంచాన పడినవారికి, మందులకు లొంగనివారికి అది ప్రాణం నిలబెట్టే వైద్యం. కొంతకాలం మతిమరుపు కలగవచ్చు.

తాయెత్తు, దారం, మొక్కు, బొమోహ్ - వీటిని గురించి వాదించి ప్రయోజనం లేదు. గుడికి వెళ్ళడం వల్ల నలుగురిలో కలవడం జరుగుతుంది, అది మంచిదే. దారం కట్టించుకోండి, మాత్ర కూడా వేసుకోండి. మాత్ర మానమని చెప్పేవారి దగ్గరకు మాత్రం వెళ్ళకండి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

మలేషియాలో ఆత్మహత్యలలో భారతీయ సంతతి వాటా, జనాభాలో మన వాటా కంటే ఎక్కువని వైద్యులు చాలాకాలంగా రాస్తూనే ఉన్నారు. మనం దీనిని సభలలో మాట్లాడము. పత్రికలలో "హఠాన్మరణం" అని వేసుకుంటాము. తోటల్లో ఇందుకు చేతికి అందుబాటులో ఉండినది గడ్డి మందు. పారక్వాట్ అనే ఆ మందును 2020 జనవరి 1 నుండి మన దేశంలో నిషేధించారు. ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోతే చాలామంది ఆ గండం గడిచి బతుకుతారు, ఎందుకంటే ఆ తీవ్రమైన తలపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. కనుక ఇంట్లో మిగిలిన పురుగు మందులు, ఎక్కువ మాత్రలు తాళంలో పెట్టడం చాదస్తం కాదు.

"చావాలనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు. అట్లా పుట్టదు. సూటిగా, మెల్లగా అడిగితే చాలామందికి గుండె తేలికవుతుంది. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి, లేదా 999కి ఫోను చేయాలి. పోలీసులు పట్టుకుంటారనే భయం ఇక అక్కరలేదు. ఆత్మహత్యా ప్రయత్నానికి ఏడాది వరకు జైలు విధించే శిక్షాస్మృతి 309వ సెక్షనును 2023లో రద్దు చేశారు. ఆసుపత్రిలో నిజం చెప్పినందువల్ల కేసు రాదు.

ఎవరితోనైనా మాట్లాడాలనుకునేవారికి 1970 నుండి పని చేస్తున్న బిఫ్రెండర్స్ కౌలాలంపూర్ వారి ఫోను 03-7627 2929. పేరు చెప్పనక్కర లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు. ఆరోగ్య శాఖ వారి హీల్ లైను 15555. ఇవి మలయ్, ఇంగ్లీషు భాషలు వచ్చినవారికి అనుకూలం. తెలుగు మాత్రమే మాట్లాడే పెద్దవారి పక్కన పిల్లలు కూర్చొని చెప్పవలసి ఉంటుంది.

తొందర లేని వారు ముందుగా క్లినిక్ కెసిహాతాన్‌కు వెళ్ళండి. పౌరులకు చీటీ ఒక రింగిట్. ఇదివరకు వాడుతున్న మందులన్నీ, చక్కెరవి, బిపివి, ఆకు మందులతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళాలి. అవసరమైతే అక్కడి నుండే నిపుణుల వద్దకు ఉత్తరం ఇస్తారు. మొదటిసారి వెళ్ళిన రోజునే రెండవసారి తారీకు అడిగి రాయించుకోండి. ఆ రెండవసారి కూడా తోడు వెళ్ళే మనిషి ఎవరో ఇంటికి రాగానే అనుకొని పెట్టుకోండి.